ఒకే పొగాకు చేలో ఒప్పంద కూలీ, బానిస: వర్జీనియా చట్టం ఈ ఇద్దరినీ ఎప్పుడు, ఎందుకు వేరు చేసింది?

ప్రశ్న: గౌతమీ లంకవాసి

సభ్యులందరికీ నమస్కారం. మాది గౌతమీ పాయ మధ్యనున్న లంక గ్రామం. మా నాన్నగారి కాలం నుంచి చుట్ట పొగాకు వేస్తున్నాము. వరద తీశాక ఒండ్రు ఆరుతుండగా నారు నాటాలి, మొక్క ఎదిగాక తలలు తుంచాలి, తుంచిన చోట పుట్టే పిలకలను వదలకుండా గిల్లుతూ ఉండాలి, ఆకుకు పట్టిన పురుగును చేత్తో ఏరాలి, చివరకు ఆకు కొట్టి పందిళ్లలో ఎండగట్టాలి. వరి చేలో ఊడ్పులకూ కోతలకూ మనుషులు దొరికితే సరిపోతుంది గానీ, పొగాకుకు నారు నాటిన నాటి నుంచి ఆకు అమ్మే నాటి వరకు చేతులు కావాలి. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు, చిన్నప్పటి నుంచి చేసిన పని.

ఈ మధ్య అమెరికా వలస కాలపు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. మన మెట్ట ప్రాంతంలో బ్యారన్లలో కాల్చే పొగాకుకు వర్జీనియా అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, అక్కడి కూలీల దగ్గర ఆగిపోయాను. 1607లో ఇంగ్లీషువారు వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగారనీ, 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ వెస్టిండీస్ విత్తనంతో పొగాకు పండించి చూశాడనీ, ఆ పంటే ఆ వలసను బతికించిందనీ అర్థమైంది. ఇంగ్లండు నుంచి వచ్చిన పేదలు ఓడ కిరాయికి బదులు కొన్నేళ్ల చాకిరీకి ఒప్పుకుని పత్రం రాసి ఇచ్చేవారనీ, 1619లో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను పాయింట్ కంఫర్ట్ అనే రేవులో దించి ఆహార పదార్థాలకు అమ్మారనీ చదివాను. ఆ తరువాతే చిక్కు వచ్చింది. ఒక పుస్తకం 1619తోనే బానిసత్వం మొదలైందంటుంది, మరొకటి 1660ల వరకు బానిసత్వానికి చట్టమే లేదంటుంది. చట్టం లేకుండా నలభై ఏళ్ల పాటు ఒక మనిషి మరొక మనిషికి ఆస్తి ఎలా అయ్యాడు? ముందు వచ్చింది వ్యాపారపు అవసరమా, చట్టమా?

ఈ ప్రశ్న నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. మా తాతగారు ఒక మోతుబరి రైతు దగ్గర చాలా ఏళ్లు పాలేరుగా ఉన్నారు. ఆయన ట్రంకు పెట్టెలో ఒక పత్రం దొరికింది. ఉగాది నుంచి ఉగాదికి ఏడాది పాలేరుతనం, ఇన్ని బస్తాల ధాన్యం, రెండు పంచెలు, ఒక జత చెప్పులు, ముందుగా తీసుకున్న బాకీ తీరేవరకు మరొకరి దగ్గర పనికి వెళ్లకూడదన్న షరతు, అడుగున తాతగారి వేలిముద్ర. ఆ వేలిముద్ర సిరా ఇప్పటికీ చెదరలేదు, గీతలు లెక్కపెట్టవచ్చు. ఆ పత్రాన్ని వర్జీనియా ఒప్పంద పత్రంతో పోల్చవచ్చునా, లేక అలా పోల్చడం తప్పా? చరిత్ర, న్యాయశాస్త్రం తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: అమలాపురం అధ్యాపకురాలు

లంకవాసి గారూ, మీరు చదివిన రెండు పుస్తకాల మధ్య పైకి కనిపించేంత వైరుధ్యం లేదు. ఆచరణ ఒక దారిన, చట్టపు అక్షరం మరొక దారిన కొంతకాలం నడిచి, తరువాత కలిశాయి. ఆ కలయిక ఎలా జరిగిందో చూస్తే మీ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

ముందుగా భూమి సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూలీ విలువ భూమితోనే ముడిపడింది. 1618 నుంచి వర్జీనియాలో తలకు 50 ఎకరాల పద్ధతి అమలైంది. ఒక మనిషిని సముద్రం దాటించి తెచ్చిన వారికి, ఆ మనిషి కిరాయి కట్టినందుకు, 50 ఎకరాల హక్కు వచ్చేది. ఆ హక్కు ఓడలో వచ్చిన మనిషికి కాదు, కిరాయి కట్టిన మనిషికి. అంటే పదిమంది కూలీలను తెచ్చినవాడికి పదిమంది చాకిరీతో పాటు 500 ఎకరాల భూమి కూడా దక్కేది. మనుషులను తెచ్చే వ్యాపారమూ, భూమిని కూడబెట్టే వ్యాపారమూ ఒక్కటైపోయాయి. 1635లో జార్జ్ మెనెఫీ అనే వర్తకుడు ఇలా భూమి కోరుతూ చూపిన పేర్లలో టోనీ అనే ‘ఈస్ట్ ఇండియన్’ కూడా ఉన్నాడు. ఆ పేరు చదివిన రోజు నేను చాలాసేపు ఆ పుట తిప్పలేకపోయాను.

ఒప్పంద కూలీలు మామూలుగా నాలుగు నుంచి ఏడేళ్లు పనిచేసేవారు. పత్రం లేకుండా వచ్చిన పిల్లలకు వయసును బట్టి దేశాచారం ప్రకారం గడువు నిర్ణయించేవారు. పారిపోతే ఎన్నాళ్లు కనబడకుండా పోయారో దానికి రెట్టింపు కాలం అదనంగా చేయాలని 1643 చట్టం చెప్పింది. అక్కడ శిక్షకు కొలమానం కాలమే. ఈ మాట గుర్తుంచుకోండి.

1619లో వచ్చిన ఆఫ్రికన్లను వర్జీనియా ఏ చట్టం కిందా బానిసలుగా ప్రకటించలేదు. వారిని కొన్నారు, అమ్మారు, పనిలో పెట్టారు; వారిలోనూ, ఆ తరువాత వచ్చిన వారిలోనూ కొందరు కొన్నేళ్లకు స్వతంత్రులయ్యారు. 1621లో వచ్చిన ఆంటొనీ జాన్సన్ అనే ఆఫ్రికన్ తరువాత విముక్తుడై, 1651లో ఐదుగురిని తెచ్చినట్లు చూపి తలకు 50 చొప్పున 250 ఎకరాలు పొందాడు. అయితే అప్పటికే మరొక తీర్పు వచ్చి ఉంది. 1640లో హ్యూ గ్విన్ అనే యజమాని దగ్గర నుంచి ముగ్గురు కూలీలు మేరీలాండ్‌కు పారిపోయి పట్టుబడ్డారు. ఒకరు డచ్చివాడు, ఒకరు స్కాట్లండువాడు, మూడవవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికన్. ముగ్గురికీ ముప్పై కొరడా దెబ్బలు వేశారు. మొదటి ఇద్దరికి యజమాని దగ్గర ఒక ఏడాది, ఆపైన వలస ప్రభుత్వం కింద మూడేళ్లు పొడిగించారు. జాన్ పంచ్‌కు మాత్రం బతికినంత కాలం చాకిరీ విధించారు. నేరం ఒకటే, పారిపోయిన దారి ఒకటే. న్యాయస్థానం ఆ తేడాకు జాతి తప్ప వేరే కారణమేదీ పేర్కొనలేదు.

శాసనసభ చేసిన చట్టంలో ఈ స్థితి మొదట ఎలా కనిపిస్తుందో చూడండి. 1661లో చేసిన ఒక చట్టం, ఇంగ్లీషు కూలీ నీగ్రోలతో కలిసి పారిపోతే, ఆ నీగ్రోలు పోగొట్టిన కాలానికి కూడా ఇంగ్లీషు కూలీయే బదులు చేయాలంది. కారణం కూడా రాసింది: వారు అదనపు కాలంతో నష్టం పూడ్చగలిగినవారు కారు. ఎందుకు కారు? వారి చాకిరీకి ముగింపు లేదు గనుక, దానికి కలపడానికి కాలమే మిగలలేదు గనుక. ఆ చట్టం బానిసత్వాన్ని నెలకొల్పడం లేదు, నిర్వచించడం లేదు. అది అప్పటికే అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు దాటిపోతోంది. నా దృష్టిలో మీ నలభై ఏళ్ల చిక్కుకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. ఆచారం ముందు నడిచింది. చట్టం దానిని మొదట ఒక కారణంగా ప్రస్తావించి, తరువాత ఒక్కొక్క అంశమే రాసుకుంటూ వెళ్లింది.

ఇక 1676లో వర్జీనియా గవర్నరు మీద నాథనియేల్ బేకన్ నడిపిన తిరుగుబాటు తరువాతనే తోటల యజమానులు భయపడి, తెల్ల కూలీలను వదిలి ఆఫ్రికన్ల వైపు తిరిగారని ఒక బలమైన వాదం ఉంది. చివరి వరకు లొంగని దండులో సుమారు 80 మంది నల్లవారు, 20 మంది ఇంగ్లీషువారు కలిసి ఆయుధాలు పట్టి ఉన్నారన్నది నిజం. కానీ ఆ ఒక్క సంఘటనతోనే అంతా మారిందని నేను అనుకోను. పైన చెప్పిన చట్టాల్లో ముఖ్యమైనవి దానికి ముందే వచ్చాయి. అదే కాలంలో ఇంగ్లండులో కూలి రేట్లు పెరిగి, నాలుగేళ్లు అమ్ముడుపోవడానికి ఒప్పుకునే యువకులు తగ్గిపోయారు.

జవాబు: నర్సాపురం న్యాయవాది

అధ్యాపకురాలు గారు చెప్పిన వరుసకు నేను న్యాయస్థానం వైపు నుంచి కొంత చేర్చి, తరువాత లంకవాసి గారి తాతగారి పత్రం దగ్గరకు వస్తాను.

తనను బానిసగా ఉంచడం చెల్లదని వర్జీనియాలో దావా వేసిన ఎలిజబెత్ కీ కేసును వదిలిపెట్టి ఈ చర్చ చేయలేము. ఆమె తండ్రి థామస్ కీ ఇంగ్లీషువాడు, తల్లి ఆఫ్రికన్. ఇంగ్లండు సాధారణ న్యాయంలో బిడ్డ స్థితి తండ్రిని బట్టి ఉంటుంది. తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలిననీ, తన చాకిరీకి పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయిందనీ కూడా ఆమె వాదించింది. 1656లో ఆమె గెలిచింది. ఆమె తరఫున వాదించిన విలియం గ్రిన్‌స్టెడ్‌నే తరువాత వివాహం చేసుకుంది. ఒక న్యాయవాదిగా ఆ తీర్పు చదివినప్పుడు కలిగిన సంతోషం, ఆ తరువాతి శాసనాలు చదివేసరికి నిలవలేదు. ఆమె ఏ వాదనలతో గెలిచిందో ఆ వాదనలనే శాసనసభ ఒక్కొక్కటిగా మూసివేసింది. 1662లో బిడ్డ స్థితి తల్లి స్థితినే అనుసరిస్తుందన్నారు. 1667లో బాప్తిస్మం వల్ల బానిస స్థితి మారదన్నారు. 1669లో, ఎదిరించిన బానిస శిక్ష తీవ్రతకు చనిపోతే యజమానిపై హత్యానేరం ఉండదన్నారు. ఎవడూ తన సొంత ఆస్తిని ద్వేషంతో నాశనం చేసుకోడన్నది వారు రాసిన తర్కం. 1705 నాటి సమగ్ర చట్టం బానిసలను వారసత్వ వ్యవహారాల్లో స్థిరాస్తిగా, అంటే భూమితో సమానంగా లెక్కించింది.

1662 చట్టం వ్యాపారపరంగా ఎంత పెద్ద మార్పో గమనించండి. తండ్రి ఎవరన్న ప్రశ్న న్యాయస్థానానికి అక్కరలేకుండా పోయింది. యజమాని తన వల్ల పుట్టిన బిడ్డను కూడా ఆస్తి జాబితాలో రాసుకోవచ్చు. ఇంగ్లండు న్యాయంలో పశువుల ఈత ఎవరిదన్న తగాదాకు వాడే సూత్రాన్ని మనుషులకు వర్తింపజేశారు.

ఇప్పుడు పత్రం సంగతి. వారి ఒప్పంద పత్రాన్ని ఇండెంచర్ అంటారు. ఒకే కాగితం మీద రెండు ప్రతులు రాసి, మధ్యలో పంటిగాట్ల వంటి వంకరటింకర గీత వెంట కోసి, చెరొక ముక్క ఉంచుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కల గాట్లు కలవాలి. దంతం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే ఆ పేరు వచ్చింది. ఆ కూలీ తన ముక్క పట్టుకుని న్యాయస్థానానికి వెళ్లవచ్చు, యజమాని గడువు దాటాక ఉంచుకుంటే ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆ పత్రాన్ని యజమాని మరొకరికి అమ్ముకోవచ్చు, వీలునామాలో రాసి పోవచ్చు, అప్పుకింద జమ చేయవచ్చు. కూలీని అడగనక్కరలేదు.

మీ తాతగారి పత్రానికీ దానికీ మొదటి తేడా ఇక్కడే ఉంది. పాలేరుతనాన్ని రైతు మూడవ మనిషికి అమ్ముకునే హక్కు మన చట్టం ఏనాడూ గుర్తించలేదు. అయితే, బాకీ తీరేవరకు మరొకరి దగ్గర పనికి వెళ్లకూడదన్న ఆ షరతు చిన్నది కాదు. గడువు ఏడాదే అని కాగితం చెబుతుంది. బాకీ మిగిలితే ఆ గడువు ఎప్పటికీ తీరదు. 1976లో చేసిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, అప్పుకు బదులుగా చాకిరీ చేయించే ఇటువంటి ఒప్పందాలను 1975 అక్టోబరు 25 నుంచి రద్దు చేసి, ఆ అప్పులనే చెల్లనివిగా ప్రకటించింది. మన రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని ముందే నిషేధించినా, అప్పును కూడా రద్దు చేసే చట్టం రావడానికి ఇరవై ఐదేళ్లు పట్టింది. కనుక మీ తాతగారి పత్రాన్ని వర్జీనియా ఒప్పంద కూలీ పత్రంతో కొంతవరకు పోల్చవచ్చునని నా అభిప్రాయం. బానిసత్వంతో మాత్రం పోల్చకూడదు. మీ నాన్నగారు పుట్టుకతోనే ఆ రైతు ఆస్తి కాలేదు. తాతగారి బాకీ ఆయన మీద పడినా, దానికి కాలపరిమితి ఉంటుంది, న్యాయస్థానంలో ఎదురు చెప్పే నోరు ఉంటుంది.

అమెరికా రాజ్యాంగం గురించి ఒక్క మాట. 1787లో రాసిన ఆ పత్రంలో బానిస అన్న పదం ఎక్కడా లేదు. జనాభా లెక్కించేటప్పుడు నిర్ణీత కాలపు చాకిరీకి కట్టుబడినవారిని స్వతంత్రులతో కలిపి పూర్తిగా లెక్కించాలనీ, మిగిలిన వ్యక్తులందరిలో ఐదింట మూడు వంతులనే లెక్కించాలనీ రాశారు. ఇద్దరినీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టి, ఒకరికి కాలపు గడువు ఉందనీ, మరొకరికి లేదనీ చెప్పకనే చెప్పారు. 1661 నాటి మాటే 126 ఏళ్ల తరువాత దేశపు మూల శాసనంలోకి చేరింది.

జవాబు: గౌతమీ లంకవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలాన్ని కలపడం కుదరదన్న ఆ 1661 మాట చదివాక మళ్లీ పెట్టె తెరిచి తాతగారి పత్రం చూశాను. వెనుక వైపు, వేరే చేతిరాతతో, మరుసటి రెండు ఉగాదుల లెక్క ఉంది. బాకీ తగ్గలేదు, మొదటి ఏడాది కంటే పెరిగింది. న్యాయవాది గారు చెప్పినది ఆ కాగితం మీదే రాసి ఉన్నట్టు అనిపించింది.

నాకు మరో రెండు సందేహాలు. పొగాకు ధర పడిపోయినప్పుడు ఆ తోటల యజమానులు ఏం చేసేవారు? మాకైతే ధర లేని ఏడాది మొదట తగ్గించేది కూలీలనే. ఇక గడువు పూర్తి చేసుకుని విడుదలైన ఒప్పంద కూలీకి 50 ఎకరాలు దక్కేవా?

జవాబు: పాలకొల్లు బట్టల వర్తకుడు

లంకవాసి గారి మొదటి సందేహం వ్యాపారానికి సంబంధించినది కనుక నేను చెబుతాను.

1660 నాటి నౌకాయాన చట్టం ప్రకారం, పొగాకు, పంచదార, పత్తి, నీలిమందు వంటి కొన్ని వలస సరుకులను ఇంగ్లండుకు గానీ ఇంగ్లీషు వలసలకు గానీ తప్ప మరెక్కడికీ పంపకూడదు. ఓడ ఇంగ్లీషువారిదో వలసవారిదో కావాలి. అంతకు ముందు డచ్చి ఓడలు మంచి ధరకు కొనుక్కుపోయేవి. ఆ దారి మూసుకుపోయింది. 1660లలో పొగాకు ధర పౌండు బరువుకు ఒక పెన్నీ చుట్టూ తిరిగింది. ధర తగ్గినప్పుడు మీరు కూలీలను తగ్గిస్తారు. కొనుక్కున్న మనుషులు ఉన్న యజమానికి ఆ వీలు లేదు, పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలి గనుక మరింత ఎక్కువ పండించి తక్కువ ధరను పూడ్చుకోవాలని చూస్తాడు. అందరూ అదే చేస్తే సరుకు ఇంకా పెరిగి ధర ఇంకా పడుతుంది. పెద్ద పెట్టుబడి ఉన్నవాడు తట్టుకుంటాడు, ఒక్కడే పండించుకునే చిన్న రైతు అప్పుల్లో మునుగుతాడు. 1730లో సర్కారు గోదాముల్లో పొగాకు నాణ్యత చూసి చీటీ ఇచ్చే చట్టం వచ్చింది. నాసిరకం ఆకును తగలబెట్టేవారు. ఆ చీటీ చేతులు మారుతూ డబ్బుగా చెలామణి అయింది. మన పొగాకు వేలం కేంద్రాల్లో గ్రేడు చీటీ చేత్తో పట్టుకున్న రైతుకు ఆ సంగతి వెంటనే అర్థమవుతుంది.

మనుషులను తెచ్చే వ్యాపారం కూడా చట్టంతోనే నడిచింది. 1672లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఆఫ్రికా వ్యాపారంపై గుత్తాధిపత్యం ఇచ్చారు. 1698లో పది శాతం సుంకం కట్టే ఇతర వర్తకులకూ ఆ వ్యాపారాన్ని తెరిచారు. ఆ తరువాత వర్జీనియాకు వచ్చే బానిస ఓడలు బాగా పెరిగాయి. అధ్యాపకురాలు గారు చెప్పిన ఇంగ్లండు కూలి రేట్ల మార్పుకు ఇది తోడైంది.

ఇక్కడ మన తీరం కూడా ఈ కథలోకి వస్తుంది. నేను బట్టల వర్తకంలో ఉన్నాను కనుక దీని మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. నర్సాపురం పక్కనున్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఆ ఊరి పేరే వారి నోట మడపోలం అయి, ఒక రకం తెల్లని నూలు బట్టకు పేరుగా ఇప్పటికీ వాడుకలో ఉంది. మా పాలకొల్లులో డచ్చివారు ఉండేవారు. ఇంగ్లండులో ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడి మీద 1700లోనూ, 1721లోనూ అద్దకపు నూలు బట్టలను ఆ దేశంలో కట్టకూడదని చట్టాలు చేశారు. కానీ లండనుకు తెచ్చి తిరిగి బయటికి ఎగుమతి చేయడానికి అడ్డు లేదు. అలా బయటికి వెళ్లిన భారతీయ వస్త్రాల్లో పెద్ద భాగం అమెరికా వలసలకూ, పశ్చిమ ఆఫ్రికా తీరానికీ చేరేది. ఆ ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలది పెద్ద వాటా. కోరమాండల్ తీరంలో నేసి నీలిమందు ముంచిన గినీ వస్త్రం పేరులోనే ఆ బేరం ఉంది.

నేసినవాడి పరిస్థితి కూడా చెప్పాలి. 18వ శతాబ్దంలో కంపెనీ సాలీలకు నూలుకొనడానికి ముందుగా బయానా ఇచ్చి, బట్ట తమకే అమ్మాలని కట్టడి చేసేది. బాకీ ఉన్న సాలీ మంచి ధర ఇచ్చే మరో వర్తకుడికి అమ్మలేడు. వర్జీనియాలో పొగాకు పిలకలు గిల్లిన మనిషిని కొనడానికి ఇచ్చిన బట్ట, ఇక్కడ బయానాకు కట్టుబడిన మగ్గం మీద నేసినది కావడానికి పూర్తి అవకాశం ఉంది. ఈ మాట ఆవేశంతో అనడం లేదు. సరుకు వెళ్లిన దారి వెంట నడిస్తే అక్కడికే చేరుతాము.

జవాబు: అమలాపురం అధ్యాపకురాలు

వర్తకుడు గారి వివరణకు ధన్యవాదాలు. నా మొదటి జవాబులో ఒక లోపం ఉంది, సరిచేయాలి. నేను వర్జీనియా గురించే రాయడం వల్ల, ఇంగ్లీషు వలసల్లో బానిసత్వాన్ని చట్టంలో మొదట గుర్తించినది కూడా అదేనన్న భావన కలగవచ్చు. అది నిజం కాదు. 1641లోనే మసాచుసెట్స్ తన స్వేచ్ఛల పత్రంలో, న్యాయమైన యుద్ధంలో పట్టుబడినవారినీ, తమను తాము అమ్ముకున్న లేదా అమ్ముడుపోయిన పరాయివారినీ బానిసలుగా ఉంచుకోవచ్చని రాసుకుంది. పొగాకు తోటలు లేని చోట, మత స్వేచ్ఛ కోసం వచ్చామని చెప్పుకున్నవారు, ఆ హక్కుల పత్రంలోనే ఆ మాట రాశారు. కనుక వ్యాపారపు అవసరమే చట్టాన్ని పుట్టించిందన్న సూత్రాన్ని అన్ని చోట్లా ఒకేలా వాడలేము. వర్జీనియాలో అవసరం ముందు, అక్షరం తరువాత. మసాచుసెట్స్‌లో పెద్ద అవసరమేదీ లేకుండానే అక్షరం వచ్చింది, ఓడల వ్యాపారం తరువాత పెరిగింది.

ఇక విడుదలైన ఒప్పంద కూలీకి భూమి దక్కేదా అన్న ప్రశ్న. వర్జీనియాలో 50 ఎకరాలు కిరాయి కట్టినవాడివే కనుక, విడుదలైన కూలీకి ఆ పద్ధతి కింద ఏమీ రాదు. పక్కనున్న మేరీలాండ్‌లో 1680ల తొలినాళ్ల వరకు విడుదలైనవారికి 50 ఎకరాల హక్కు ఉండేది గానీ, కొలత ఖర్చు, పత్రాల ఖర్చు వారే పెట్టుకోవాలి. అది పెట్టుకోలేక చాలామంది ఆ హక్కును అమ్ముకున్నారు. మంచి భూములు పెద్దవారి చేతుల్లో ఉండడంతో, విడుదలైనవారు కౌలుకో, మళ్లీ కూలికో, లేక ఆదివాసుల సరిహద్దుల్లోకో వెళ్లారు. 1676లో బేకన్ వెంట నడిచినవారిలో ఇటువంటివారు చాలామంది.

1705 చట్టం విడుదల సమయంలో ఏమివ్వాలో వర్జీనియాలో స్థిరపరిచింది. మగ కూలీకి పది బుషెళ్ల మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఇరవై షిల్లింగులకు తగ్గని తుపాకీ. ఆడ కూలీకి పదిహేను బుషెళ్ల మొక్కజొన్న, నలభై షిల్లింగులు. మీ తాతగారి పత్రంలోని పంచెలు, చెప్పులు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ జాబితాయే. అదే చట్టాల సంపుటిలో బానిసకు ఏముందో కూడా చూశాను. ఆయుధం పట్టడం 1680 నుంచే నిషేధం. ఆంటొనీ జాన్సన్ 1670లో మరణించాక, అతడు నీగ్రో కనుక పరాయివాడన్న కారణం చెప్పి వర్జీనియా జ్యూరీ అతని భూమిని రాజుకు దఖలు చేసింది. 1705కు వచ్చేసరికి మిగిలింది పశువులే. బానిసల గుర్తు వేసి ఉన్న గుర్రాలనూ, ఆవులనూ, పందులనూ చర్చి పెద్దలు పట్టుకుని అమ్మి, ఆ డబ్బును ఆ పరిధిలోని పేదలకు పంచాలని రాశారు. అంటే, అప్పటి వరకు వారు పశువులు పెంచుకుంటూ, వాటికి తమ గుర్తులు వేసుకుంటూ వచ్చారని ఆ చట్టమే సాక్ష్యం చెబుతోంది.